చేతిలో పని ఉన్నంతసేపు

ఆసుపత్రిలో ఆవిడని అందరూ కట్లమ్మ అనేవారు. అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉండేది గానీ, పిలిచేవాళ్ళు లేక అది మూలపడింది. పాతికేళ్ళ పైచిలుకు నర్సుగా ఆవిడ చేసిందల్లా గాయాలు కడిగి కట్లు కట్టడమే. కాలిన చేతులు, యంత్రంలో పడి నలిగిన వేళ్ళు, మానకుండా మొండికేసిన పుళ్ళు, ఏదొచ్చినా మొహం చిట్లించేది కాదు. పుండుకి అతుక్కుపోయిన పాత గుడ్డ ఊడదీసేటప్పుడు ఎంతటి మొనగాడికైనా ప్రాణం జివ్వుమంటుంది కదా, దానికి ఆవిడ దగ్గర ఒక ఉపాయం ఉండేది. "మీ ఇంటికి దారి చెప్పు" అని అడిగేది. అవతలి మనిషి బస్సు దిగి, ఎడమకా కుడికా అని తడుముకుంటూ, మలుపులన్నీ గుర్తు తెచ్చుకుంటూ, ఎలాగో తన గుమ్మం దాకా వచ్చేసరికి ఇక్కడ కొత్త కట్టుకి ముడి పడిపోయేది. ఆ ఊళ్ళో కట్లమ్మకి తెలియని సందు లేదని చెప్పుకునేవారు. నిజానికి ఆవిడ వాటిలో సగం సందుల మొహం కూడా చూడలేదు.

అంతటి మనిషీ సినిమా హాల్లో ఎవడైనా కత్తి తీశాడంటే చాలు, గట్టిగా కళ్ళు మూసుకునేది.

ఆవిడ భర్త షట్టర్ల మేస్త్రి. కొట్ల ముందు పైకి చుట్టుకునే ఇనప షట్టర్లు మొరాయిస్తే బాగుచేయడం ఆయన పని. ఆయనకి సినిమా పిచ్చి, అందులోనూ కొట్లాటల పిచ్చి. నాలుగు తలలు పగలాలి, తెరంతా ఎర్రబడాలి. అవేమీ లేకపోతే హాల్లోంచి బయటికొచ్చి, ఇదీ ఒక సినిమాయేనా, ఎవరిదో పెళ్ళి వీడియో చూసినట్టుంది అని సణుక్కునేవాడు. కట్లమ్మకి సెలవు దొరికిన ఆదివారం నలుగురూ కలిసి వెళ్ళేవారు. మేస్త్రి, కట్లమ్మ, వాళ్ళ ఒక్కగానొక్క అమ్మాయి, మేస్త్రికి పెద్దక్క. ఒకే ఇంటి మనుషులే గానీ నెత్తురు దగ్గర మాత్రం ఎవరి దారి వాళ్ళదే. మేస్త్రి ముందు సీటు మీదికి వంగిపోయి, రెప్ప వేస్తే నష్టమన్నట్టు చూసేవాడు. అమ్మాయి వేళ్ళ సందుల్లోంచి చూసేది. చూడలేదని ఒట్టుపెట్టి, ఇంటికొచ్చాక అంతా పూసగుచ్చినట్టు చెప్పేది. ఇక అక్కగారు, అంటే కట్లమ్మకి వదిన, మొక్కజొన్న పేలాలు నములుతూ విలన్ని నోటికొచ్చినట్టు తిట్టేది. పొడిచేవాడికి పొడవడం కూడా సరిగ్గా చేతకాలేదని విసుక్కునేది. అదే తెరమీద ఎవరైనా కుక్కని తంతే, ముక్కు చీదుకుంటూ లేచి వరండాలోకి వెళ్ళిపోయేది.

వెనక సీట్లో తెలిసినవాళ్ళెవరైనా ఉంటే మేస్త్రి తిరిగి చెప్పేవాడు. ఊళ్ళో షట్టర్లన్నీ నన్ను ఏడిపిస్తాయిగానీ మా ఆవిడ కళ్ళకున్నవి మాత్రం గ్రీజు కూడా అడగవు, టక్కున పడతాయి అని. వేళాకోళమే గానీ, ఆవిడ కళ్ళు మూసుకోగానే మణికట్టు పట్టుకుని కూర్చునేది కూడా ఆయనే. కొట్లాట అయిపోగానే వేలితో రెండుసార్లు తట్టేవాడు. అప్పుడు కళ్ళు తెరిచేది. పెళ్ళైన కొత్తల్లో మొదలైన అలవాటు అది. ఎవరూ ఎవరికీ నేర్పలేదు.

ఒకసారి వదినకి ఒళ్ళు మండింది. రోజంతా చీమూ నెత్తురూ కడిగేదానివి, ఇక్కడ రంగునీళ్ళు చూసి బెదిరిపోతావేమే అని అందరి ముందూ నిలదీసింది. కట్లమ్మ ఎప్పుడూ పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు మాత్రం చెప్పింది.

"అక్కడ నా చేతిలో పని ఉంటుంది వదినా. ఇక్కడ ఊరికే కూర్చుని చూడాలి. అది నావల్ల కాదు."

వదినకి అది సగమే అర్థమైంది. అయినా ఆ తర్వాత ఆ ఊసెత్తలేదు.

కొన్నాళ్ళకి ఒక పెద్ద సినిమా వచ్చింది. టికెట్టు దొరకడమే గగనం. వెనక వరసలో మేస్త్రితో పనిచేసేవాళ్ళు గుంపుగా వచ్చి కూర్చున్నారు. మేస్త్రి మంచివాడే గానీ, చుట్టూ నలుగురుంటే ఆయన నోరూ చెయ్యీ ఆగవు. విరామం తర్వాత కొట్లాట మొదలైంది, కట్లమ్మ కళ్ళు మూసుకుంది. మేస్త్రి వెనక్కి తిరిగి కన్నుకొట్టి, రెండుసార్లు తట్టాడు. ఆవిడ కళ్ళు తెరిచింది. తెరమీద ఒక మనిషి తెగిన కడుపుని రెండు చేతులతో పట్టుకుని, జారిపోతున్నదాన్ని లోపలికి తోసుకుంటున్నాడు. కట్లమ్మ చేతులు వాటంతటవే పైకి లేచాయి. గుడ్డ కోసం, అదిమిపట్టడానికి ఏదైనా దొరుకుతుందా అని గాలిలో వెతికాయి. వెనక వరస గొల్లున నవ్వింది. ఆవిడ లేచి, ఎవరి కాళ్ళు తొక్కుతోందో చూసుకోకుండా బయటికి నడిచి ఇంటికెళ్ళిపోయింది.

మేస్త్రి వెనకాలే పరిగెత్తుకొచ్చాడు. తమాషాకి చేశానన్నాడు, బతిమాలాడు. ఆవిడ తిట్టలేదు, ఏడవలేదు.

"చూపించినందుకు కాదండీ. మీ వేలిని నమ్మి కళ్ళు తెరిచాను" అంది.

ఇక ఆవిడ సినిమాకి వెళ్ళలేదు. మేస్త్రి ఒక్కడే వెళ్ళొచ్చేవాడు, లేదంటే అక్కని తీసుకెళ్ళేవాడు. చూసొచ్చిన సినిమా కడుపులో దాచుకునే రకం కాదు కాబట్టి, వంటింట్లో కట్లమ్మ కూరగాయలు తరుగుతుంటే స్టూలు లాక్కుని కూర్చుని కథంతా చెప్పేవాడు. అయితే తప్పు చేసినవాడు కదా, నెత్తురంతా వడకట్టి చెప్పేవాడు. "వాడు తండ్రిని చంపినవాణ్ణి వెతుక్కుంటూ ఆ గోదాముకి వెళ్ళాడా, అక్కడ కాస్త గొడవైంది. తర్వాత పాటొచ్చింది." ఆ సినిమా విడిగా చూసొచ్చిన అమ్మాయి పక్కగదిలోంచి నవ్వేది, ఆ కాస్త గొడవలో ఊరు ఊరంతా పోయింది నాన్నా అని. కట్లమ్మ కత్తిపీట మీద నుంచి తలెత్తకుండానే నవ్వుకునేది. ఆయన ఎంత తేలిగ్గా చెబితే అక్కడ అంత ఘోరం జరిగిందని ఆవిడకి తెలిసిపోయేది. రానురాను ఇంట్లో అది మాటైపోయింది. బంధువుల్లో ఎవరికైనా ఒంట్లో బాగా పాడైనా, ఇద్దరన్నదమ్ములు కోర్టుకెక్కినా, కాస్త గొడవైందట అనుకునేవారు.

నిజం చెప్పాలంటే, హాల్లో చూసిన సినిమాల కంటే స్టూలు మీద నుంచి విన్న సినిమాలే ఆవిడకి ఎక్కువ ఇష్టం. ఆ సంగతి ఆయనకి చెప్పలేదు. ఆయన అప్పుడప్పుడూ అడిగేవాడు, ఈ ఆదివారం వస్తావా నర్సమ్మా, ఒట్టు, సరిగ్గా తడతాను అని. చూద్దాంలెండి అనేది. కోపం ఎప్పుడో పోయింది. కోపం పోయిందని ఒప్పుకోవడానికి బింకం అడ్డొచ్చింది, అంతే. వెళ్దాంలే, ఎక్కడికి పోతాడు అనుకుంది.

మేస్త్రికి షుగరు వచ్చింది. మాత్రలు వేసుకునేవాడు, వేసుకోవడం మరిచిపోయేవాడు. అరికాళ్ళకి స్పర్శ తగ్గిపోయింది. ఒకరోజు కోసి పారేసిన రేకు ముక్క బూటు అడుగులోంచి కాల్లోకి దిగితే ఆయనకి తెలియనే లేదు. ఇంటికొచ్చి బూటు విప్పితే మేజోడు తడిసి ఉంది. తెరమీద వందమంది నెత్తురు కళ్ళారా చూసిన మనిషి, తన మేజోట్లో మరక చూసి కళ్ళు తిరిగి స్నానాల గది గోడ పట్టుకున్నాడు. అటు మొహం తిప్పుకుని నీళ్ళు పోసుకున్నాడు. చూడకుండానే ఒక గుడ్డ చుట్టాడు. ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత రోజూ అలాగే, దీపం వేసుకోకుండా తలుపేసుకుని కడుక్కునేవాడు. నొప్పి లేదు కాబట్టి గాయం లేదనుకున్నాడు. కనీసం అనుకోవాలని చూశాడు.

ఇంట్లో వాసన మొదలైంది.

ఇక్కడే ఆ ఇంటి దురదృష్టం చూడండి. వేరే ఏ ఇంట్లోనైనా ఇల్లాలు ముక్కు ఎగబీల్చి, ఏంటీ కంపు అని మంచాల కిందా మూలల్లోనూ వెతికేది. కట్లమ్మకి ఆ వాసన కొత్త కాదు. రోజంతా దానిలోనే ఉండొచ్చే మనిషి. తన బట్టలకి పట్టి తనతోపాటే ఇంటికొస్తోందనుకుంది. అమ్మాయీ అలాగే అనుకుని ఊరుకుంది. యూనిఫారం వేణ్ణీళ్ళలో రెండోసారి నానబెట్టింది. సబ్బు మార్చింది. ఆసుపత్రిలోనే స్నానం చేసి వేరే బట్టలు కట్టుకుని ఇంటికి రావడం మొదలుపెట్టింది. పక్కన పడుకుంటే భర్తకి ఇబ్బందిగా ఉంటుందేమోనని మంచం ఆ చివరికి జరిగి, సిగ్గుపడుతూ అడిగింది కూడా, నా దగ్గర ఏమైనా వాసనొస్తోందా అండీ అని. ఆయన దుప్పటి కాళ్ళ మీదికి లాక్కున్నాడు. ఏం లేదే, పడుకో అన్నాడు. వార్డు గుమ్మంలో నిలబడి ఎవరి పుండు ముదిరిందో ముక్కుతోనే చెప్పగలదని పేరు తెచ్చుకున్న మనిషి, తన మంచం మీదున్న పుండు దగ్గర మోసపోయింది.

చివరికి ఒక బట్టల కొట్టు ముందు, సగం ఎత్తిన షట్టరు కింద, మేస్త్రి చలిజ్వరంతో వణుకుతూ కూలబడిపోయాడు. కొట్టువాళ్ళే ఆసుపత్రికి చేర్చారు. కట్లమ్మని డ్రెస్సింగు గదిలోంచి కిందికి పిలిపించారు. ఆవిడ వచ్చేసరికి ఎవరో కత్తెరతో బూటు కోస్తున్నారు. బూటు ఊడింది, వాసన వచ్చింది. తను ఇన్నాళ్ళూ యూనిఫారంలోంచి వదిలించాలని చూసిన వాసన అదే. ఆవిడ పాదం చూసింది. ఆ తర్వాత భర్త మొహం చూసింది. ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు.

ఆయనకి కాస్త తెలివొచ్చాక అడిగింది, నాకెందుకు చెప్పలేదండీ అని. ఇంట్లోనే కట్లు కట్టే మనిషి ఉండగా.

"నీకు చెబితే నేనూ చూడాల్సొస్తుందని" అన్నాడు. చిన్నపిల్లాడిలా తల గోడవైపు తిప్పుకున్నాడు. ఆవిడకి ఒక్కసారి ఆయన్ని కొట్టాలనిపించింది, ఆ వెంటనే తనని తనే కొట్టుకోవాలనిపించింది.

ముందు కాలి వేళ్ళు తీసేశారు. అది చాలలేదు, మోకాలి కింది దాకా తీసేశారు. డ్రెస్సింగు గదిలో పనిచేసే మిగతావాళ్ళు, నువ్వొద్దు అమ్మా, ఆయన కట్టు మేం చూసుకుంటాం అన్నారు. ఆవిడ వినలేదు. ట్రే తనే సర్దుకుని, మంచం పక్కన కూర్చుని, అందరినీ అడిగినట్టే అడిగింది.

"ఇంటికి దారి చెప్పండి."

మేస్త్రికి నవ్వొచ్చింది. మనింటికి నీకు దారి తెలీదా అన్నాడు. తెలీదు చెప్పండి అంది. ఆయన కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. అందరూ మలుపులు చెబుతారు, ఆయన షట్టర్లు చెప్పాడు. ఆసుపత్రి గేటు దాటితే పళ్ళరసాల కొట్టు, దాని స్ప్రింగు తనే మార్చాడు. తర్వాత రొట్టెల కొట్టు, పొద్దున్నే దాని చప్పుడుకే వీధి వీధంతా లేస్తుంది, నూనె వెయ్యమంటే వాడు వెయ్యడు. ఆ మూల తిరిగితే మందుల కొట్టు, షట్టరు జారే కుడివైపు పట్టా వంగింది, సగంలో ఆగిపోతుంది. ఆ పైన చెప్పుల కొట్టు, కళ్ళజోళ్ళ కొట్టు, ఆకుపచ్చ రంగేసిన గ్యారేజీ, దాని పక్క సందులో మనిల్లు. సందులోకి తిరిగేసరికి ముడి పడేది. అప్పుడు కట్లమ్మ ఆయన మణికట్టు మీద రెండుసార్లు తట్టేది, ఆయన కళ్ళు తెరిచేవాడు. గాయం పూర్తిగా కప్పకుండా ఆవిడ ఒక్కనాడూ తట్టలేదు.

అలా కొన్నాళ్ళు గడిచింది. అమ్మాయి ఉద్యోగానికి సెలవు పెట్టి రోజూ వచ్చేది. తండ్రికి ఫోన్లో సినిమాలు పెడితే, వద్దమ్మా, ఏదైనా పాట పెట్టు అనేవాడు. వదిన వచ్చి తమ్ముణ్ణి తిట్టిపోసేది. కుక్కని తన్నడం చూసినప్పటికంటే ఎక్కువగా ముక్కు చీదుకుని వెళ్ళేది. ఇంతలో జ్వరం మళ్ళీ తిరగబెట్టింది. పెద్ద డాక్టరు కట్లమ్మని వరండాలోకి పిలిచి, విషం నెత్తురులో కలిసిందనీ, మూత్రపిండాలు పని మానేస్తున్నాయనీ, చేయగలిగిందల్లా చేస్తున్నామనీ చెప్పాడు. ఆ ఆఖరి మాటకి అర్థమేంటో ఆవిడకి తెలుసు. ఎంతమంది బంధువులకి ఆ మాట చెబుతుంటే పక్కన నిలబడి విందో.

లోపలికొచ్చేసరికి మేస్త్రి మేలుకునే ఉన్నాడు. డాక్టరేమన్నాడు అని అడిగాడు. ఆవిడ ట్రే సర్దుకుంది. చేతులకి తొడుగులు వేసుకుంది. ఇన్నేళ్ళలో ఆయనకి ఒక్క అబద్ధం చెప్పి ఎరగదు, నిజం చెప్పడానికి నోరు రాలేదు.

"లోపల కాస్త గొడవైందట" అంది.

మేస్త్రి పైకప్పు వైపు చూశాడు. ఆ మాటలో ఎంతమంది పోతారో ఆయన కంటే బాగా తెలిసినవాళ్ళెవరు? మెల్లిగా ఆయన పెదవులు కదిలాయి.

"నేర్పింది నేనేగా" అన్నాడు. తలగడ మీద తల ఆవిడ వైపు తిప్పి, "ఆ రోజు హాల్లో అలా తట్టకుండా ఉండాల్సింది నర్సమ్మా" అన్నాడు.

ఎప్పుడో మరిచిపోయానండీ అని చెప్పాలనుకుంది. మీరు స్టూలు మీద కూర్చుని చెప్పిన సినిమాలంటే నాకు ప్రాణం అని చెప్పాలనుకుంది. ఇన్నేళ్ళ బింకం ఒక్క పూటలో ఎలా కరుగుతుంది? "లేచి తిరగండి, ఆదివారం వెళ్దాం. మీరే తట్టాలి" అని మాత్రం అంది. మేస్త్రి తలాడించాడు.

మర్నాడు మధ్యాహ్నం కట్టు విప్పుతూ, దారి చెప్పండి అంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. గొంతు పీలగా ఉంది, ఒక్కో కొట్టు దగ్గరా ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. పళ్ళరసాల కొట్టు చెప్పాడు. రొట్టెల కొట్టు చెప్పాడు. మూల తిరిగి మందుల కొట్టు దాకా వచ్చాడు. కుడివైపు పట్టా అన్నాడు, ఆ తర్వాత మాట రాలేదు. ఆవిడ తలెత్తి చూసింది. గంట నొక్కింది. డాక్టర్లు పరిగెత్తుకొచ్చి, నువ్వు కాసేపు బయట ఉండమ్మా అన్నారు. ఇక్కడ నువ్వు నర్సువి కాదు, ఇంటి మనిషివి అన్నారు.

వరండాలో తలుపుకున్న అద్దంలోంచి లోపల జరిగేదంతా కనిపిస్తోంది. ఆయన ఛాతీ మీద ఎవరో రెండు చేతులూ వేసి అదుముతున్నారు. కట్లమ్మ చేతులు ఖాళీగా ఉన్నాయి. ఒకదాన్ని ఒకటి పట్టుకున్నాయి, వదిలాయి, మళ్ళీ పట్టుకున్నాయి. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆవిడ మళ్ళీ ఆ హాల్లోనే, ఆ సీట్లోనే కూర్చున్నట్టయింది. ఆమె కళ్ళు మూసుకోలేదు. తట్టేవాడు లోపలున్నాడు.

డాక్టరు బయటికొచ్చి చెప్పాల్సిన మాట చెప్పాడు. పక్కనే ఉన్న అమ్మాయి తల్లి భుజం మీద వాలింది. కట్లమ్మ కూతురి తల నిమిరి, డాక్టరుతో ఒక్కటే అంది, కట్టు సగంలో ఉంది, పూర్తిచేసి వస్తానని. ఇప్పుడెందుకమ్మా, చూడలేవు అన్నాడాయన. పని ఉంది కదండీ, చూడగలను అంది.

లోపలికెళ్ళి కూర్చుంది. కబురందుకుని వదిన అప్పుడే వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. కట్లమ్మ గాయం శుభ్రంగా తుడిచింది. బతికున్న మనిషికి ఎలా కడుతుందో అలాగే, మరీ బిగించకుండా, మరీ వదులు కాకుండా చుట్టడం మొదలుపెట్టింది. మిగిలిన దారి తనే చెప్పింది. మందుల కొట్టు దాటాం అంది. చెప్పుల కొట్టు. కళ్ళజోళ్ళ కొట్టు. ఆకుపచ్చ రంగేసిన గ్యారేజీ. ఒక్కో కొట్టుకీ ఒక్కో చుట్టు పడింది. సందులోకి తిరిగాం, ఇదిగో మనిల్లు, వచ్చేశారండీ అంది. ముడి వేసింది. మిగిలిన కొసని కత్తిరించింది. కత్తెర ట్రేలో పెట్టింది.

ఇక చేతిలో పని లేదు.

అప్పుడు కట్లమ్మ గట్టిగా కళ్ళు మూసుకుంది. ఆయన అరచేతి కింద తన మణికట్టు పెట్టి, హాల్లో కూర్చున్నట్టే కదలకుండా కూర్చుంది.

వదినకి ఆ కూర్చోవడం తెలుసు. పక్క సీట్లో పేలాలు నములుతూ ఎన్నేళ్ళు చూసిందో. వచ్చి పక్కన కూర్చుని, తమ్ముడి చేతి కిందున్న ఆ మణికట్టుని తన చేతిలోకి తీసుకుంది. తట్టడానికి ఒకసారి వేలు ఎత్తింది కూడా. కానీ అయిపోయిందని తట్టి ఇంకోసారి ఈమెకి అబద్ధం చెప్పడానికి వదినకి మనసొప్పలేదు. తట్టకుండా, అలాగే పట్టుకుని కూర్చుంది.